బాంటం కోడిపిల్లలు: మొదటి ఆరు వారాలు గట్టెక్కించడం ఎలా

బాంటం, అంటే పొట్టి జాతి కోళ్ళ పిల్లల్ని కొత్తగా తెచ్చుకున్నవాళ్ళు నన్ను మొదట అడిగేది "ఏం పెట్టాలి?" అని. నేను తిరిగి అడిగేది "ఎక్కడ పడుకుంటున్నాయి? ఎలా అరుస్తున్నాయి?" అని. మేతదేముంది, సంచి మీద రాసే ఉంటుంది. పిల్లల వాలకం చూసి, గొంతు విని, వాటికేం కావాలో కనిపెట్టడమే అసలు పని.

మామూలు కోడిపిల్లలకు చెప్పే జాగ్రత్తలు దాదాపు అన్నీ బాంటాలకూ వర్తిస్తాయి. తేడా అంతా వ్యవధిలో ఉంది. పెద్ద జాతి గుడ్డు 60 గ్రాములు తూగితే, బాంటం గుడ్డు 30 నుంచి 40 గ్రాములు. పుట్టిన పిల్ల బరువు గుడ్డు బరువులో సుమారు మూడింట రెండు వంతులు. అంటే మీ అరచేతిలో ఉన్నది పాతిక గ్రాముల ప్రాణి. ఒళ్ళు ఎంత చిన్నదైతే వేడి అంత తొందరగా బయటికి పోతుంది. ఒంట్లో దాచుకున్న నీళ్ళూ కొవ్వూ కూడా తక్కువే. పెద్ద పిల్ల ఓ పూట ఓర్చుకునే చలిని, దాహాన్ని ఇది ఓర్చుకోలేదు. "రేపు చూద్దాంలే" అనుకున్నారంటే, రేపటికి చూడ్డానికి ఏమీ మిగలకపోవచ్చు.

ఇంట్లోనే పొదిగిస్తున్నవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. కోడిగుడ్డుకి 21 రోజులని అందరికీ తెలుసు, కానీ బాంటం పిల్లలు తరచుగా 19, 20 రోజులకే బయటికి వచ్చేస్తాయి. బ్రూడర్‌ని (పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెని) 18వ రోజుకే సిద్ధం చేసి, ఒక రోజంతా వేడి నడిపించి చూసుకోండి.

వేడి

మొదటి వారం పిల్ల వీపు ఎత్తులో 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ 21 డిగ్రీల దాకా రావాలి. ఈ లెక్క మొదలుపెట్టడానికి మాత్రమే. ఆ పైన పిల్లలు చెప్పినట్టు మనం వినాలి. బాంటాల్లోనూ మరీ చిన్న జాతులైతే, ఉదాహరణకి పెద్దయ్యాక కూడా సుమారు అర కిలోనే తూగే మలేషియా సెరామాలైతే, ఈ వేడి ఇంకొన్నాళ్ళు ఎక్కువే కోరుకుంటాయి.

అన్నీ దీపం కిందికి చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ గట్టిగా అరుస్తుంటే చలి. దీపానికి దూరంగా గోడ వెంబడి చేరి, ముక్కులు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకుని రొప్పుతుంటే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకి జరిగి ఉంటే ఎదుటి పక్క నుంచి గాలి కొడుతోందన్నమాట, ఆ సందు వెతికి మూయండి. కొన్ని తింటూ, కొన్ని తిరుగుతూ, కొన్ని ఇష్టమొచ్చినచోట కాళ్ళు బారజాపి పడుకుంటే ఏమీ కదిలించకండి, అంతా బాగున్నట్టే.

పెట్టె మొత్తాన్ని ఒకే వేడిలో ఉంచడం నాకు నచ్చని పద్ధతి. ఒక కొస వెచ్చగా, ఇంకో కొస గది వేడిమిలో ఉంటే పిల్లే తనకు కావలసినచోటు ఎంచుకుంటుంది. మేత, నీళ్ళు మధ్యలో పెట్టండి. మూలల్లో అట్ట ముక్కలు వంచి గుండ్రంగా చేసేయండి. చీకట్లో కంగారుపడ్డ పిల్లలు మూలకే తోసుకుంటాయి, అడుగున పడ్డవి ఊపిరాడక పోతాయి.

దీపాలా, హీట్ ప్లేటా అంటే నేను ప్లేట్‌కే ఓటు వేస్తాను. పిల్లలు దాని కిందికి దూరి తల్లి పొట్ట కింద ఉన్నట్టే పడుకుంటాయి, రాత్రి చీకటిగానే ఉంటుంది. 250 వాట్ల ఎర్ర దీపం నాలుగైదు బాంటం పిల్లలున్న చిన్న పెట్టెకి అతి. పైగా పొడి పొట్టు మీద జారిపడితే ఇల్లే అంటుకుంటుంది. దీపమే వాడాల్సి వస్తే క్లిప్పుని నమ్మకుండా ఇనుప గొలుసుతో కూడా వేలాడదీయండి. కరెంటు పోయినప్పటి కోసం ఒక సీసా సిద్ధంగా ఉంచుకోండి. వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి పెట్టెలో పెట్టి, పైన దుప్పటి సగం కప్పితే కొన్ని గంటలు గడిచిపోతాయి. గాలి ఆడే సందు మాత్రం వదలాలి.

పెద్ద జాతి పిల్లలతో కలిపి ఒకే పెట్టెలో పెంచవచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. వాటికి సరిపోయే వేడి వీటికి చాలదు, మేత దగ్గర ఇవి వెనకబడతాయి, నిద్రలో కాళ్ళ కింద నలిగిపోతాయి. వారాలు గడిచేకొద్దీ తేడా ఇంకా పెరుగుతుంది.

కింద పరిచేది, తాగేది, తినేది

కింద న్యూస్‌పేపరు ఒట్టిగా పరవకండి. నున్నటి నేల మీద కాళ్ళు చెరో పక్కకీ జారిపోయి, తుంటి దగ్గర పట్టు తప్పుతుంది. మొదటి రెండు మూడు రోజులు గరుకుగా ఉండే టిష్యూ కాగితమో పాత టవలో పరిచి, మేత ఏదో తెలిశాక ఊకకో రంపపు పొట్టుకో మారండి. ముందే పొట్టు పోస్తే అదే మేతనుకుని తింటాయి. దేవదారు పొట్టు ఘాటు వాసన పిల్లల ఊపిరితిత్తులకు మంచిది కాదు.

నీళ్ళ దగ్గరే బాంటం పిల్లలు ఎక్కువగా ప్రాణాల మీదికి తెచ్చుకుంటాయి. పెద్ద కోడిపిల్లల కోసం చేసిన డ్రింకర్ అంచులో ఇవి మునిగిపోతాయి. కౌజు పిట్టల డ్రింకర్ దొరికితే అదే మేలు, లేదంటే ఉన్నదాని గాడిలో గులకరాళ్ళు వేసి, ముక్కు మాత్రమే పట్టేంత సందు వదలండి. పిల్ల రాగానే ముక్కు కొసని గోరువెచ్చని నీళ్ళలో ఒకసారి ముంచి వదిలితే చాలు. ముక్కు రంధ్రాలు మునగకూడదు. ఒకటి నేర్చుకుంటే మిగతావి దాన్ని చూసి తాగుతాయి.

మేత 18 నుంచి 20 శాతం మాంసకృత్తులున్న చిక్ స్టార్టర్, అంటే పిల్లల కోసం చేసిన మొదటి దాణా. క్రంబుల్స్ గింజలు బాంటం నోటికి పెద్దవైతే మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. మరీ పిండి చేయకండి, ముక్కుకి అంటుకుపోతుంది. గుడ్లుపెట్టే కోళ్ళ దాణా మాత్రం పెట్టకూడదు, అందులోని కాల్షియం పిల్లల మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. స్టార్టర్ తప్ప ఇంకేదైనా రుచి చూపిస్తే, ఆకుకూర తునకైనా సరే, వెంట సన్నటి ఇసుకరాళ్ళు కూడా ఇవ్వాలి. పళ్ళు లేని ప్రాణికి కందనకాయలో నలగ్గొట్టేవి అవే.

భయపడనక్కర్లేనివి

కొత్తవాళ్ళకు సగం టెన్షన్ ఆరోగ్యంగా ఉన్న పిల్లల వల్లే. అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది నిద్ర. ఇప్పటిదాకా గంతులేసిన పిల్ల ఉన్నట్టుండి ముక్కు నేలకానించి, కాళ్ళు వెనక్కి చాపి, రెక్క ఒకటి బయటికి వదిలేసి చచ్చిపడినట్టు పడుకుంటుంది. మెల్లగా పెట్టె తట్టండి, తల ఎత్తి చూస్తే హాయిగా ఉన్నట్టే. నిలబడే కునుకుతూ ముందుకు తూలి లేవడం కూడా మామూలే. జబ్బు పిల్ల నిద్ర వేరుగా ఉంటుంది. అది ఒళ్ళు ముడుచుకుని, మెడ లోపలికి లాక్కుని, నూగు ఉబ్బించి, మిగతావన్నీ మెలకువగా తిరుగుతున్నప్పుడు ఒక్కతే ఓ పక్కన కళ్ళు మూసుకుని ఉంటుంది.

గుడ్డులోంచి వచ్చిన మొదటి రెండు రోజులు తినకపోయినా గాభరా వద్దు, పొట్టలోకి లాక్కున్న పచ్చసొన ఇంకా నడుస్తుంటుంది. ముక్కు చివర తెల్లటి మొటిమలాంటిది పెంకు పగలగొట్టడానికి వచ్చిన పన్ను, దానంతటదే రాలిపోతుంది. రోజులో కొన్నిసార్లు గోధుమరంగులో జిగటగా, కంపుకొట్టే రెట్ట వేస్తాయి. అది పేగు చివరి తిత్తుల్లోంచి వచ్చేది, విరేచనం కాదు. మెడ సాచి, నోరు తెరిచి, తల అటూ ఇటూ తిప్పితే మెడ కింద మేత నిలవుండే తిత్తిలో, అంటే మేత సంచిలో, మేతని సర్దుకుంటోందనుకోండి. అప్పుడప్పుడూ అయితే సరే, రోజంతా అదే పని అయితే కాదు.

రెండో వారం నుంచి ఛాతీలు ఎదురుగా ఢీకొట్టుకుని, మెడ ఈకలు లేపి, క్షణంలో మర్చిపోయే పోట్లాటలు మొదలవుతాయి. పెట్టలూ చేస్తాయి, పుంజులూ చేస్తాయి, దీన్ని బట్టి ఏది పుంజో తేల్చకండి. ఎవరు పైన, ఎవరు కింద అన్న లెక్క తేల్చుకుంటున్నాయంతే. మీరు కలగజేసుకోవలసింది ఒకే పిల్లని అన్నీ తరుముతున్నప్పుడు, లేదా వీపు మీద, తోక మొదట్లో ఈకలు పీకుతున్నప్పుడు. దానికి సాధారణంగా ఇరుకు, మితిమీరిన వేడి, కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుతురు, మాంసకృత్తుల కొరత కారణాలు. రక్తం కనిపిస్తే ఆ పిల్లని వెంటనే వేరు చేయండి. ఎరుపు చూస్తే మిగతావి ఆగవు.

గొంతులు

బ్రూడర్ దగ్గర పది నిమిషాలు ఊరికే కూర్చుంటే గొంతులు అర్థమైపోతాయి. మెత్తగా, పొడి పొడిగా సాగే కిచకిచలు "అందరం ఇక్కడే ఉన్నాం" అన్న మాట. నిద్రకు ముందు సన్నగా వణికే రాగం తీస్తే, అది సుఖంగా ఉన్నప్పటిది. బిగ్గరగా, ఒకే తీరుగా, ఆపకుండా అరిస్తే చలో, ఆకలో, గుంపు నుంచి విడిపోవడమో. హఠాత్తుగా ఒక పదునైన కూత వచ్చి అన్నీ బొమ్మల్లా బిగుసుకుపోతే, పైనుంచి నీడ పడిందని అర్థం. ఆ నీడ చాలాసార్లు మన చెయ్యే.

అందుకే చెయ్యి పైనుంచి దింపకండి. వాటి లెక్కలో పైనుంచి వచ్చేది గద్దే. పక్క నుంచి, అరచెయ్యి వెల్లకిలా పెట్టి, అందులో నాలుగు మేత గింజలు వేసి ఆగండి. బాంటాలు స్వతహాగా ఉలికిపాటు మనుషుల్లాంటివి, మొదటి వారంలో చెయ్యికి అలవాటైతే పెద్దయ్యాక పట్టుకోవడం తేలిక. పక్క నుంచి చెయ్యి పెట్టే వీలు కావాలంటే అట్టపెట్టెకి ముందువైపు తలుపు కోసుకోండి, నా బ్రూడర్ అలాంటిదే. పైన మాత్రం వల తప్పనిసరి. ఈ జాతుల రెక్కలు ఒంటికి మించి ముందే ఎదుగుతాయి, రెండో వారానికే అంచు మీదికి ఎగిరి కూర్చుంటాయి.

మొత్తం సద్దుమణిగిపోయిందంటే సంతోషించకండి. బాగా జబ్బుచేసిన పిల్ల అరవదు.

రోజూ చూడాల్సినవి

నా బ్రూడర్ పక్కన వంటింటి తూకం, ఒక నోటుపుస్తకం ఎప్పుడూ ఉంటాయి. పిల్లని చిన్న గిన్నెలో నిలబెట్టి ఉదయం ఒకే వేళకి తూచి రాస్తాను. పాతిక గ్రాముల పిల్లలో రెండు గ్రాములు తగ్గితే కంటికి తెలియదు, కాగితం మీద తెలుస్తుంది. పుట్టిన మొదటి ఒకటి రెండు రోజులు కాస్త తగ్గడం మామూలు, ఆ తర్వాత బరువు పెరగని పిల్ల మీద కన్నేసి ఉంచాలి. పడుకోబోయే ముందు మెడ కింద కుడివైపు మేత సంచిని వేలితో తాకి చూడండి. నిండుగా, మెత్తగా ఉండాలి. తెల్లారేసరికి ఖాళీ కావాలి. రాత్రే ఖాళీగా ఉంటే అది తినడం లేదు, పొద్దునకీ నిండుగా ఉంటే లోపల కదలడం లేదు.

తోక కింద చూడడం రెండో పని. మొదటి వారంలో రెట్ట ఎండి దారిని మూసేయడం బాంటం పిల్లల్లో తరచుగా చూసేదే. ప్రయాణం బడలిక, చలి, అతి వేడి దీనికి మూలం. గట్టిపడ్డ ముద్దని పీకకూడదు, నూగుతోపాటు చర్మం కూడా వచ్చేస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో దూది తడిపి అక్కడ అదిమి పట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో ముద్ద అంచులు మెత్తబడతాయి. కింది నుంచి కొద్దికొద్దిగా జారనిచ్చి, చివరి పొర ఊడగానే చాలాసార్లు లోపల ఆగినదంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది, చెయ్యి అడ్డం పెట్టుకోకండి. తర్వాత పొడిగుడ్డతో అద్ది, పూర్తిగా ఆరేదాకా వేడి కింద ఉంచి, అక్కడ చుక్క వాజలీన్ రాయండి. తడిగా తిరిగి గుంపులో వదిలితే కడిగిన పుణ్యం చలిలో పోతుంది. ఇంకో జాగ్రత్త: పొట్ట వైపు నల్లగా చిన్న పొక్కు ఉంటుంది, అది బొడ్డు. దాన్ని గిల్లకూడదు.

కాళ్ళు చెరో పక్కకీ జారిపోయిన పిల్లకి మొదటి రెండు మూడు రోజుల్లోనే కట్టు కడితే చాలావరకు కుదురుకుంటుంది. బ్యాండేజి పట్టీని సన్నగా కోసి, రెండు కాళ్ళనీ మామూలు నిలకడ దూరంలో కలిపి, గరుకు నేల మీద ఉంచాలి. నీళ్ళ దగ్గర తూలిపడకుండా కనిపెట్టుకోవాలి. వేళ్ళు లోపలికి ముడుచుకుపోతే బి2 విటమిన్ కొరతేమో చూడాలి. పెకిన్, సిల్కీ వంటి కాలి ఈకల జాతుల్లో గోళ్ళకి రెట్ట ఉండలు కడుతుంది. వాటినీ నానబెట్టే తీయాలి, లాగితే గోరు ఊడుతుంది.

మూడో వారం నుంచి నేను ఎక్కువగా భయపడేది రక్త పారుడుకే. ఐమీరియా అనే సూక్ష్మజీవి పేగు పొరని తినేస్తుంది. రెట్టలో రక్తం, ముడుచుకున్న ఒళ్ళు, వాలిన రెక్కలు, తిండి మానేయడం లక్షణాలు. అన్నిసార్లూ రక్తం కనిపించదు. రెట్టలో పడ్డ దాని గుడ్లు వెచ్చగా, తడిగా ఉన్నచోట ఒకటి రెండు రోజుల్లో అంటుకునే స్థితికి వస్తాయి, కాబట్టి పొడి పొట్టే మొదటి మందు. డ్రింకర్ చుట్టూ తడిసిన పొట్టుని రోజూ మార్చండి. మీ తలని పిల్లల ఎత్తుకి దించి వాసన చూడండి, ముక్కు మండితే మార్చడం ఆలస్యమైనట్టే. మందు ఆంప్రోలియం, నీళ్ళలో కలిపి ఇస్తారు, మోతాదు పశువైద్యుడు చెప్పాలి. అది బి1 విటమిన్‌ని పోలి ఉండి ఆ జీవిని మోసగిస్తుంది, అందుకే ఆ రోజుల్లో బలానికని విటమిన్ నీళ్ళు ఇస్తే మందు దెబ్బ తగ్గిపోతుంది. రక్త పారుడుకి టీకా వేసిన పిల్లలైతే మందు కలిపిన దాణా వాడకండి, టీకా వృథా అవుతుంది.

పొట్టు పోసిన వెంటనే నాలుగు తుమ్ములు వస్తే అది దుమ్ము. కంటి మూలలో నురగ, ముక్కు తడి, ఊపిరి తీస్తుంటే గురక, ఇవి ఉంటే అది శ్వాసకోశ వ్యాధి. అలాంటి పిల్లని వేరే గదిలో పెట్టి వైద్యుడికి చూపించాలి. కొక్కెర తెగులు, మెరెక్స్ (కాళ్ళు పడిపోయేలా చేసే వైరస్ జబ్బు) టీకాల సంగతి పిల్లల్ని తెచ్చుకునే రోజే అడగండి. మెరెక్స్ టీకా పుట్టిన రోజే వేస్తారు, తర్వాత వేసి లాభం తక్కువ. సిల్కీలకీ, సీబ్రైట్ అనే బాంటం జాతికీ మెరెక్స్ జబ్బు తేలిగ్గా సోకుతుందని పేరు. కొన్ని వారాల వయసులో ఒక కాలు ముందుకీ ఇంకొకటి వెనక్కీ చాపి లేవలేకపోతే మొదట దాన్నే అనుమానించాలి.

సిల్కీల తల విషయంలో ఇంకో మాట. వాటిలో చాలా పిల్లలకి నడినెత్తిన ఎముక పూర్తిగా మూసుకోక, తల ఉబ్బుగా ఉంటుంది. అక్కడ తగిలిన ఒక్క పోటుకి మెడ తిరిగిపోవచ్చు. అలాంటి పిల్లని పోట్లాట గుంపుకి దూరంగా ఉంచడం తప్ప మార్గం లేదు.

జపనీస్ బాంటాలు పొదిగించేవాళ్ళు ఇంక్యుబేటర్‌ని ఊరికే తిట్టుకుంటుంటారు. పొట్టికాళ్ళనిచ్చే జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే పిండం గుడ్డులోనే పోతుంది. రెండు పొట్టికాళ్ళ కోళ్ళని జతకడితే సగటున నాలుగో వంతు గుడ్లు ఇలా పోతాయి, ఇంకో నాలుగో వంతు పొడుగు కాళ్ళతో పుడతాయి. పొట్టికాళ్ళవాటికి రెక్కలు నేల మీద ఈడుస్తుంటాయి, తడి పొట్టు వీటికి ఇంకా చేటు.

పొదుగుకొచ్చిన బాంటం పెట్ట మీ దగ్గరుంటే పైన చెప్పిన సగం పని అదే చేస్తుంది. గింజ కనిపిస్తే టుక్ టుక్ మని పిలిచి చూపిస్తుంది, చలేస్తే కూర్చుంటుంది. తెచ్చిన పిల్లల్ని దాని కిందికి రాత్రి చీకట్లో జార్చండి, అదీ అవి పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే. తెల్లారగానే దగ్గరుండి చూడండి. పొడిచే తల్లి కూడా ఉంటుంది.

ఈకలు నిండుగా వచ్చేసరికి ఐదారు వారాలు. సిల్కీలకి ఇంకా ఎక్కువ. తల మీది తురాయి ఎరుపెక్కి పెద్దదవడాన్ని బట్టి పుంజుల్ని ఆ వయసులోనే పసిగట్టవచ్చు, సీబ్రైట్ల దగ్గర మాత్రం ఈకలు చూసి మోసపోకండి, వాటి పుంజుకీ పెట్టలాంటి ఈకలే వస్తాయి. బయటికి మార్చేటప్పుడు మొదట మధ్యాహ్నం కాసేపు, తర్వాత పూటంతా, చివరికి రాత్రి కూడా. పెద్ద కోళ్ళతో కలపాలంటే మధ్యలో వల కట్టి కనీసం ఓ వారం చూసుకోనివ్వండి, తర్వాత కూడా పిల్లలు మాత్రమే దూరగలిగే చిన్న సందు ఒకటి వదలండి. దాని లోపల వాటి మేత, నీళ్ళు పెడితే తరిమేవాళ్ళున్నా ఆకలితో ఉండవు. ఆ వల సందుల్ని మీ పిల్లలన్నిటిలోకీ చిన్నదాని తల సైజు బట్టి ఎంచుకోండి. ఇక పిల్లల్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ఇంట్లో చిన్నపిల్లలు వాటిని ముద్దుపెట్టుకోకుండా చూడాలి. పైకి శుభ్రంగా, ఆరోగ్యంగా కనిపించే కోడిపిల్ల రెట్టలోనూ సాల్మొనెల్లా ఉండవచ్చు.